పెళ్ళికి ట్రాపికల్ థీమ్ కావాలంది మా చెల్లి

పోయిన వైశాఖంలో మా పిన్ని కూతురి పెళ్ళయ్యింది, ఊళ్ళోనే, ఇంటి ముందే పందిరేసి. ఆ పెళ్ళి పూల గురించి రాద్దామని అప్పట్నుంచీ అనుకుంటున్నా, ఇవాళ్టికి కుదిరింది. పెళ్ళి అనగానే అందరూ వంటలు, చీరలు అడుగుతారు గానీ నాకు మాత్రం ఆ పెళ్ళి తలుచుకుంటే ముందు కళ్ళ ముందుకొచ్చేది వంకాయ రంగుకి తిరిగిపోయిన ఎర్ర పూల డబ్బాలే. ఆ సంగతి చెప్తా, కాస్త ఆగండి.

జనవరిలో ఒకరోజు రాత్రి పదకొండింటికి చెల్లి వాట్సాప్‌లో వరసపెట్టి ఓ ఇరవై ఫొటోలు పంపింది. అన్నీ ఒకలాగే ఉన్నాయి, చాటలంత పచ్చటి ఆకులు, వాటి మధ్యలో నిగనిగలాడే ఎర్ర పూలు, కొంగ ముక్కులాంటి నారింజ పూలు, వెనకాల సముద్రం. కింద "అక్కా ట్రాపికల్ థీమ్, ఇలాగే కావాలి నాకు" అని. నేను హైదరాబాద్‌లో ఉంటా కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలుస్తాయని దాని నమ్మకం. అవే ఫొటోలు బాబాయికి పంపిస్తే ఆయన పొద్దున్నే ఫోన్ చేసి, "ఇవి మన అరటాకులూ క్రోటన్ మొక్కలే కదే అమ్మా, దీనికి మళ్ళీ థీమ్ ఏంటి" అన్నారు. నేనూ చెల్లీ ఒకళ్ళకొకళ్ళం ఫోన్ చేసుకుని తెగ నవ్వుకున్నాం. పెద్దాయనకి ఏం తెలుసులే అని.

మాది కడియం పక్క పల్లె. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, రాజమండ్రి నుంచి రావులపాలెం వైపు హైవే మీద వస్తుంటే వేమగిరి దాటాక రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే నర్సరీలు, కడియపులంక, పొట్టిలంక, బుర్రిలంక, ఇలా ఊళ్ళకి ఊళ్ళే మొక్కల మీద బతుకుతాయి. గోదావరి ఒండ్రు నేల, కాలవ నీళ్ళు, గాలిలో ఎప్పుడూ ఉండే ఆ చెమ్మ, పుల్ల గుచ్చితే చాలు చిగురేస్తుంది. చిన్నప్పుడు స్కూలుకి ఎర్ర పడవలు పేర్చినట్టుండే హెలికోనియాలు, ఎర్ర అల్లంపూలు, క్రోటన్లు వరసగా పేర్చిన కుండీల మధ్య నుంచే సైకిలేసుకుని పోయేవాళ్ళం, అవి ఏదో గొప్ప పూలని ఒక్కరోజు కూడా అనిపించలేదు. "ఎగ్జోటిక్" అనే మాట వాటి గురించి మొదటిసారి విన్నది డెకరేషన్ ఆయన నోటే.

ఆ డెకరేషన్ ఆయన టౌన్ నుంచి వచ్చాడు, ట్యాబ్ తీసి పిన్నికి, బాబాయికి ఫొటోలు తిప్పి తిప్పి చూపించాడు. స్టేజి బ్యాక్‌డ్రాప్ అంతా ఆంథూరియం (చెల్లి ఫొటోల్లో నిగనిగలాడే ఎర్ర పూలు), హెలికోనియా, బర్డ్ ఆఫ్ పారడైజ్ (ఆ కొంగ ముక్కు పూలు), దండలకి ఆర్కిడ్స్, పూలన్నీ బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వస్తాయి, స్టేజి ఒక్కదానికే లక్షా ఎనభై వేలు, గేటు, నడవ, మంగళస్నానాల దగ్గరిది వేరే. బాబాయి ఏమీ మాట్లాడకుండా కండువాతో ముఖం తుడుచుకున్నారు. చెల్లి మొహం చూసి సరే అన్నారంతే. ఆడపిల్ల పెళ్ళిలో తండ్రి బేరం ఆడేది చెరుకు రసం దగ్గర, పెరుగు దగ్గర, ఇలాంటి చోట నోరు రాదు.

పెళ్ళి రాత్రి 1:20కి. పూల డబ్బాలు ముందురోజు పొద్దున్నే దిగాయి. మా ఊళ్ళో వైశాఖం ఎండ గురించి చెప్పక్కర్లేదు కదా, పదింటికే పందిట్లో నిలబడలేం. పూలు వాడిపోతాయని డెకరేషన్ ఆయన డబ్బాలన్నీ, గులాబీలతో సహా, తీసుకెళ్ళి టౌన్‌లో తెలిసినవాళ్ళ కోల్డ్ రూమ్‌లో పెట్టించాడు. ఎంత జాగ్రత్త మనిషో అనుకున్నాం అందరం. పెళ్ళిరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి డబ్బాలు తిరిగొచ్చాయి. గులాబీలు బ్రహ్మాండంగా ఉన్నాయి, అప్పుడే కోసినట్టు. ఆంథూరియం డబ్బా తెరిస్తే మొదట ఏమీ తెలియలేదు, కాస్త మబ్బుగా ఉన్నాయి అనుకున్నాం ట్యూబ్‌లైట్ వెలుతురులో. కాఫీలు తాగి వచ్చేసరికి బయటి వేడి తగిలి రంగు తిరగడం మొదలెట్టాయి. ఎర్రటి ఎరుపు కాస్తా అంచుల దగ్గర నుంచి నీలంగా, నీలం నుంచి వంకాయ రంగుగా. హెలికోనియాల మీద గోధుమరంగు మచ్చలు, ఎవరో ఇస్త్రీపెట్టె ఆనించినట్టు. ఆయన ఒక్కో డబ్బా తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, మళ్ళీ తెరుస్తున్నాడు, ఇంకోసారి తెరిస్తే బాగవుతాయేమోనన్నట్టు.

అప్పుడు దండలు కట్టడానికి వచ్చిన తాతగారు అన్న మాట నేను మర్చిపోలేను. ఆయన గుళ్ళో దండలు కడతారు, ఎనభైకి దగ్గర పడ్డారు, అరటినార నీళ్ళల్లో నానేసుకుంటూ తల కూడా ఎత్తకుండా, "అరటిపండు ఎవరన్నా ఐసులో పెడతారాండీ? ఇదీ ఆ జాతేనండి, ఆకు చూస్తే తెలవట్లేదా" అన్నారు.

అంతే, అందరం నోరు మూసుకున్నాం. హైదరాబాద్ తిరిగొచ్చాక ఈ సంగతి కూర్చుని చదివాను, హెలికోనియాల విషయంలో అక్షరాలా నిజం. అరటి, అల్లం, పసుపు, మెట్టతామర, హెలికోనియా, చెల్లి పంపిన ఫొటోల్లో కొంగ ముక్కులాంటి బర్డ్ ఆఫ్ పారడైజ్, ఇవన్నీ మొక్కల లెక్కలో దగ్గరి కుటుంబాలు కలిసిన ఒకే పెద్ద గుంపుకి చెందినవి. పెళ్ళి పందిరి రాటకి కట్టే అరటి బోదె, పెళ్ళికూతురికి రాసే పసుపు, స్టేజి మీదకి బెంగళూరు నుంచి బస్సెక్కి వచ్చిన హెలికోనియా అన్నీ చుట్టాలే. ఇక ఆంథూరియం అయితే మన చేమ కుటుంబం. వేడి దేశాల మొక్కలు ఇవి, చలి అంటే వాటి ఒంటికి పడదు. గులాబీని రెండు నుంచి నాలుగు డిగ్రీల్లో పెడితే హాయిగా నిద్రపోతుంది, ఆంథూరియం, హెలికోనియాలని 12, 13 డిగ్రీల కంటే కిందకి దించితే లోపల కణాల పొరలు దెబ్బతింటాయి, ఆ దెబ్బ ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ పెద్దగా కనపడదు, బయటికొచ్చి వేడి తగిలాకే నలుపు తేలుతుంది. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడుతుంది కదా, అచ్చం అదే. అంటే ఆ పూలని అసలు ఏమీ చేయకుండా మా పశువుల పాక నీడలో తడి గోనె కప్పి వదిలేసినా బాగుండేవి. అతి జాగ్రత్త కొంపముంచింది.

ఒకటి రెండు ఆంథూరియాలు డబ్బా మధ్యలో ఉన్నవి బతికాయి. ఒకటి చేతిలోకి తీసుకుని అంత దగ్గరగా చూడటం నాకదే మొదటిసారి. మనం పువ్వు అనుకునే ఆ ఎర్రటి చిప్ప పువ్వు కాదు, అదొక ఆకు, రంగు మారిన ఆకు. వార్నిష్ వేసినట్టు మెరుస్తుంది, వేలితో రాస్తే చప్పుడొస్తుంది, పచ్చళ్ళ జాడీ మూతలా గట్టిగా చల్లగా ఉంటుంది. దాని మధ్యలో నిలబడే పసుపు పుల్ల మీద గరుకు గరుకుగా చుక్కల్లా ఉంటాయి చూడండి, అవీ అసలు పూలు, వందల్లో. హెలికోనియా కూడా అంతే, ఎర్రగా ఒకదాని మీద ఒకటి పడవల్లా పేర్చినట్టు ఉండేవి ఆకులే, పూలు వాటి లోపల దాక్కుని ఉంటాయి. కాగితంపూల సంగతీ అదే. ఆకుల్లాంటివి కాబట్టే పూరేకులకంటే ఎక్కువ రోజులు ఆగుతాయి, ఆంథూరియం అయితే జాడీలో రెండు మూడు వారాలు ఉంటుంది తేలిగ్గా.

సరే, టైం ఆరున్నర. చెల్లికి ఇంకా చెప్పలేదు. బాబాయి లుంగీ మార్చుకుని బండి తీశారు, వెనకాల నేను, టాటా ఏస్ వేసుకుని మా తమ్ముడు. కడియపులంక మార్కెట్ అప్పటికి సగం ఖాళీ అయిపోతుంది, తెల్లారకముందే అసలు వ్యాపారం అంతా. మిగిలిన బంతి, లిల్లీ, కనకాంబరాలు బుట్టలు బుట్టలుగా తీసుకుని అక్కణ్ణుంచి బాబాయికి తెలిసిన నర్సరీకి వెళ్ళాం. ఆయన విషయం విని, "కోసిన పూలెందుకండీ, కుండీలే పట్టుకుపోండి, పెళ్ళయ్యాక పంపించండి" అన్నారు. ఎర్ర హెలికోనియా కుండీలు, ఎర్ర అల్లంపూల కుండీలు, మనిషెత్తు అరెకా పామ్‌లు, పచ్చ పసుపు చారల సాంగ్ ఆఫ్ ఇండియా, మాన్‌స్టెరా, బండి నిండా. అన్నీ వేళ్ళతో సహా ఉన్న మొక్కలు, వాటికి వేడితో భయమేంటి, పెరిగిందే ఆ వేడిలో.

ఇంటికొచ్చి చూస్తే పెరడు కూడా వేరేగా కనపడింది నాకు. పంపు దగ్గర అమ్మమ్మ ఎప్పుడో నాటిన హెలికోనియా గుబురు, ప్రహరీ పొడుగునా రంగురంగుల క్రోటన్లు, నూరువరహాల చెట్లు, కొబ్బరి మట్టలు ఎన్ని కావాలంటే అన్ని. చెల్లి పంపిన ఫొటోల్లో ఉన్నవి ముప్పావు వంతు అక్కడే ఉన్నాయి, కాకపోతే వాటి మధ్యలో బట్టలారేసే తాడు ఉంది. బాబాయి ఏమీ అనలేదు, జనవరిలో నేను అన్నాను కదా అని ఒక్క మాటన్నా అనొచ్చు, అనలేదు. కత్తి తెచ్చి నా చేతికిచ్చారు.

ఇక్కడొక విషయం, హెలికోనియా కోసేటప్పుడు ఎంత విచ్చుకుని ఉందో అంతే, కోశాక ఇంక విచ్చుకోదు. మొగ్గగా కోస్తే మొగ్గగానే ఉండిపోతుంది, గులాబీలాగా జాడీలో పెడితే విడుతుందిలే అనుకోకూడదు. కాడ ద్వారా నీళ్ళు కూడా పెద్దగా తాగదు, పైన నీళ్ళు చల్లుతూ ఉండాలి. మేము ఇద్దరు పిల్లలకి కూరగాయల మీద నీళ్ళు చల్లే స్ప్రేయర్లు ఇచ్చి గంటకోసారి తిరగమన్నాం, వాళ్ళు పూలతో పాటు చుట్టాలని కూడా తడిపారు, ఆ ఎండకి ఎవరూ ఏమీ అనలేదు.

స్టేజి మీద పూలు గుచ్చడానికి డెకరేషన్ ఆయన దగ్గర ఆకుపచ్చ ఇటుకల్లా ఉండే ఫోమ్ ఉంది, నీళ్ళల్లో నానబెట్టి అందులో కాడలు గుచ్చుతారు. నాకు ఆ ఫోమ్ అంటే ఒళ్ళు మంట. అది ఒకరకం ప్లాస్టిక్, మట్టిలో కలవదు, పొడిపొడి అయ్యి అలాగే ఉంటుంది. అంతకుముందు మా చుట్టాలింట్లో పెళ్ళయ్యాక ఆ ముక్కలు తెచ్చి కొబ్బరిచెట్టు పాదులో పడేశారు, ఏడాదికి వెళ్ళినా పచ్చటి పొడి అక్కడే ఉంది, వానకి కాలవలోకి కొట్టుకుపోగా మిగిలింది. ఈసారి తాతగారు వద్దన్నారు, కాలుష్యం గురించి కాదు, ఆయనకది నచ్చలేదంతే. అరటి బోదెలు రెండు తెప్పించి, పైన ఎండిన పొరలు ఒలిచేసి, మూరెడు మూరెడు ముక్కలు కోసి అడ్డంగా పడుకోబెట్టారు. వెదురు పుల్లతో చిల్లి పొడవడం, అందులో కాడ దింపడం. చిల్లి పొడవగానే నీళ్ళు బుడబుడా ఊరుతాయి, బోదె అంటే సగానికి పైగా నీళ్ళే కదా, ఫోమ్ చేసే పనే చేస్తుంది, ఇంకా చల్లగా కూడా ఉంటుంది. వంటవాళ్ళు వచ్చి లోపలి దవ్వ తీసేసుకుని పోయారు, మర్నాడు పెరుగుపచ్చడి చేశారు. ఒక్కటే జాగ్రత్త, అరటి జిగురు బట్టలకి అంటితే ఆ మరక జన్మలో పోదు. మా పిన్ని కొత్త పట్టుచీర కుచ్చిళ్ళ దగ్గర ఇప్పటికీ ఆ పెళ్ళి గుర్తుంది.

ఆంథూరియంలు పోయాయి, సర్దుకున్నాం, ఆర్కిడ్స్ ఉన్నాయిగా అనుకున్నాం. అవి వేరే డబ్బాలో వచ్చాయి, ఊదా రంగు డెండ్రోబియంలు, కొమ్మకో చిన్న నీళ్ళ గొట్టం తొడిగి. అవి మాత్రం కోల్డ్ రూమ్‌కి పోలేదు, ఇంట్లోనే చల్లటి గది చూసి పెట్టమన్నాడు డెకరేషన్ ఆయన. మా ఇంట్లో చల్లటి గది అంటే కొట్టుగది. ఆ కొట్టుగదిలో బాబాయి పెళ్ళివాళ్ళ కోసం రెండు రోజులుగా ఎండుగడ్డిలో మామిడికాయలు మాగేసి ఉంచారు, పక్కనే తాంబూలాలకి తెచ్చిన అరటిగెలలు, సగం పండినవి. గది తలుపు తీస్తే వాసన వీధి దాకా వస్తోంది. ఆర్కిడ్స్ ఒక పగలు, ఒక రాత్రి, మళ్ళీ సగం పగలు అందులో ఉన్నాయి.

మధ్యాహ్నం రెండింటికి తీస్తే రేకులు తడి కాగితంలా పల్చబడి కళ్ళు మూసుకున్నట్టు ముడుచుకుపోయాయి, కొమ్మ ఇలా ఎత్తగానే మొగ్గలు జలజలా రాలాయి. పండే కాయలు ఒక గాలి వదుల్తాయి, ఎథిలీన్ అంటారు, పచ్చికాయల మధ్య ఒక పండు పెడితే అన్నీ తొందరగా మాగేది ఆ గాలి వల్లే, బియ్యం డబ్బాలో కాయలు పెట్టి మూత మూసేదీ ఆ గాలి బయటికి పోకుండానే. కాయని మాగించేది పువ్వుకీ అదే పని చేస్తుంది, కాయ మాగితే పండు, పువ్వు మాగితే చెత్త. ఆర్కిడ్స్‌కి ఆ గాలి అస్సలు పడదు. ఈసారి డెకరేషన్ ఆయన తప్పేం లేదు, గది చూపించింది నేనే.

చెల్లికి అప్పుడు చెప్పక తప్పింది కాదు. ఏడ్చింది, కాసేపే, మేకప్ అమ్మాయి కళ్ళు ఉబ్బుతాయండీ అని భయపెట్టేసరికి ఆపేసింది. దండలు తాతగారి చేతికే వెళ్ళాయి. మల్లెలు మధ్యాహ్నం మొగ్గలుగా కొంటే రాత్రికి విచ్చుకుంటాయి, ఒంటిగంట ముహూర్తానికి సరిగ్గా సరిపోయే పువ్వు అది, దాని పక్కన మందారం లాంటిది పెట్టారనుకోండి సాయంత్రానికే ముడుచుకుని పడుకుంటుంది. మల్లె, మధ్యలో కనకాంబరం, మరువం రెబ్బలు, బతికిన ఆర్కిడ్ పూలు ఓ నలభై ఏరి దండ మొనలో గుత్తిలాగా. ఆ గుత్తి పెట్టమని తాతగారిని ఒప్పించేసరికి తాతలు దిగొచ్చారు. "వాసన లేని పువ్వు పెళ్ళిలో ఏం చేసుకుంటారండీ" అని ఆయన పట్టు. చెల్లి వచ్చి బతిమాలితే కట్టారు, ఆడపిల్ల అడిగింది కదా అని.

మా పెద్దమ్మ ఇంకో వైపు నుంచి. స్టేజి దగ్గర నిలబడి, శుభమా అని పెళ్ళి చేసుకుంటూ ఈ పరాయి దేశం పూలెందుకే, లక్షణంగా బంతిపూలు లేవా అని మొదలుపెట్టింది. బంతిపూలు పుట్టింది మెక్సికో వైపు పెద్దమ్మా, లిల్లీ అని మనం దండలు కట్టేదీ అక్కడిదే, గుళ్ళల్లో దేవగన్నేరు కూడా ఆ చుట్టుపక్కలదే, ఇక్కడి మట్టిలో పుట్టింది కావాలంటే నీ జళ్ళో కనకాంబరం అని చెప్పా. ఒక నిమిషం ఆలోచించి, "అయితే మెక్సికో వాళ్ళది మంచి చెయ్యన్నమాట" అని వెళ్ళిపోయింది. అక్కడ బంతిపూలు చనిపోయినవాళ్ళ పండక్కి పరుస్తారని మాత్రం ఆవిడకి చెప్పలేదు, పెళ్ళి పందిట్లో ఎందుకొచ్చిన గొడవ.

రాత్రి లైట్లు వేశాక స్టేజి చూస్తే మాకే నమ్మకం కలగలేదు. వెనక కొబ్బరాకులు అల్లిన తడక, దాని ముందు పామ్‌లు, కింద వరసగా హెలికోనియాలు, అల్లంపూలు, బోదెల్లో గుచ్చిన క్రోటన్ ఆకులూ బంతిపూలూ, పైనుంచి లిల్లీ దండలు, అక్కడక్కడా తాతగారి మనవడు కొబ్బరాకుతో చేసిన చిలకలు. చెల్లి ఫొటోల్లో ఉన్నదానికంటే గుబురుగా ఉంది. సముద్రం లేదంతే. డెకరేషన్ ఆయన కూడా పాపం పారిపోలేదు, పొద్దుట్నుంచీ మాతోనే ఉండి లైటింగ్ అంతా సర్దాడు, పూల డబ్బుల్లో సగం తగ్గించుకున్నాడు, అందుకే ఆయన మీద నాకు కోపం లేదు. కోసిన పువ్వు ఏ ఊరిదో, దాని ఒంటి తత్వం ఏంటో అడక్కుండా అన్నిటినీ ఒకే డబ్బాలా చూశాడు, అదొక్కటే.

ఒక్క చోట మాత్రం నేను గట్టిగా గొడవపడ్డా, బఫే దగ్గర. క్యాటరింగ్ కుర్రాళ్ళు అందంగా ఉంటుందని మాన్‌స్టెరా ఆకులు, ఇంకేవో తెల్లమచ్చల ఆకులు కోసి స్వీట్ల కింద పరిచేశారు. ఆ తెల్లమచ్చలది డీఫెన్‌బాకియా. ఆంథూరియంలాగే ఈ రెండూ చేమ చుట్టాలే, చేమదుంప సరిగ్గా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది చూడండి, సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి లోపల, ఈ ఆకుల్లోనూ అవే ఉంటాయి, పచ్చివి, ఉడకనివి. పిల్లాడు నోట్లో పెట్టుకున్నాడంటే నాలుక వాచిపోతుంది. తీయించేసి అరటాకులు వేయించా. అలంకారానికి ఎన్ని ఆకులైనా పెట్టుకోండి గానీ తిండి కింద మాత్రం అరటి, బాదం, మోదుగ, ఇవి చాలు. గన్నేరు పూలు కూడా తినేవాటి దగ్గరికి రానీయకండి, గన్నేరు సంగతి అందరికీ తెలిసిందే.

పెళ్ళయ్యాక నర్సరీ కుండీలు తిరిగి పంపించేశాం, రెండు తప్ప. ఒక హెలికోనియా పిన్ని ఉంచుకుంది, ఒక పీస్ లిల్లీ నేను హైదరాబాద్ తెచ్చుకున్నా, ఒళ్ళో పెట్టుకుని, బస్సులో. అప్పట్నుంచి ఇంట్లో పూలు పెట్టడం కూడా మారిపోయింది నాకు. ఇంతకుముందు గుడిమల్కాపూర్ మార్కెట్‌కి వెళ్తే పండగలకి బంతి, చామంతి తెచ్చి గుమ్మానికి కట్టి మూడోరోజు తీసి పారేయడమే. ఇప్పుడు నెలకోసారి నాలుగైదు ఆంథూరియాలు తెస్తా, అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబులో పెడతా, కాడ చివర కాస్త ఏటవాలుగా కోసి, రెండు మూడు రోజులకి నీళ్ళు మార్చి. ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా కొట్టకుండా చూస్తే చాలు. డబ్బుల లెక్క చూసినా రోజుకి గులాబీ కంటే చవకే పడుతుంది. ఒక్క మాన్‌స్టెరా ఆకు నిలువు గాజుసీసాలో పెట్టి టేబుల్ మీద ఉంచండి, ఇంకేం అక్కర్లేదు, ఇల్లంతా చూపు దాని మీదకే పోతుంది. బర్డ్ ఆఫ్ పారడైజ్ దొరికితే మాత్రం ఒక సరదా ఉంది, మొదటి పువ్వు వాడిపోగానే పడేయకండి, ఆ ముక్కు లోపల ఇంకో పువ్వు మడత పెట్టి ఉంటుంది, కాసేపు నీళ్ళల్లో నాననిచ్చి బొటనవేలితో మెల్లిగా పైకి లాగితే రెండోది లేస్తుంది. మా అబ్బాయి చేత చేయించా, వాడు ఆ రోజంతా పక్కింటివాళ్ళందరినీ పిలిచి చూపించాడు.

ఉరుళిలో నీళ్ళు పోసి పూలు వేసే అలవాటున్నవాళ్ళు రోజూ నీళ్ళు పారబోయండి, మూడోనాటికి అందులో దోమ పురుగులు ఈదుతుంటాయి, అందం సంగతి దేవుడెరుగు డెంగ్యూ వస్తుంది. ఇక స్నేక్ ప్లాంట్, మనీ ప్లాంట్ పెడితే ఇంట్లో గాలి శుభ్రమైపోతుందని ఫార్వర్డ్‌లు వస్తుంటాయి, 1989లో నాసా వాళ్ళు మూసిపెట్టిన పెట్టెల్లో చేసిన ప్రయోగం అది, కిటికీలు తలుపులు ఉన్న మన ఇంట్లో నాలుగు కుండీలతో అయ్యే పని కాదు. పచ్చగా ఉంటాయి, చూస్తే ప్రాణం లేచొస్తుంది, అందుకు పెట్టుకోండి చాలు. పీస్ లిల్లీ అయితే నాకొక మనిషిలాగే అయిపోయింది, నీళ్ళు మర్చిపోతే సాయంత్రానికి ఆకులన్నీ వేలాడేసి అలిగి కూర్చుంటుంది, పోస్తే గంటలో లేచి నిలబడుతుంది.

నిన్న పిన్ని వీడియో కాల్ చేసింది. పంపు దగ్గర నాటిన ఆ పెళ్ళి హెలికోనియా పక్కన మూడు పిలకలు లేచాయట, ఫోన్ అటు తిప్పి చూపించింది. వచ్చే నెల చెల్లి సీమంతం. ఈసారి టౌన్ నుంచి ఎవరూ రానక్కర్లేదు, పెరట్లోవే కోద్దాం, తాతగారికి కూడా చెప్పేశా అంటున్నారు బాబాయి వెనక నుంచి. చెల్లి ఫోన్ లాక్కుని, అన్నిటికీ సరే గానీ ఆర్కిడ్స్ మాత్రం నువ్వే హైదరాబాద్ నుంచి పట్టుకురావాలి అక్కా అంది. ఎక్కడ పెడతావే అన్నా. "కొట్టుగదిలోనే, ఇప్పుడు మామిడికాయలు లేవుగా" అంది. అరటిగెలలో అని అడిగితే అప్పుడు నాలిక కరుచుకుంది.